ఫిర్యాదు రాలేదు కదా అని ఆగాలా? కొత్త హెడ్‌మిస్ట్రెస్ ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మండల కేంద్రంలోని ఒక ప్రైవేటు హైస్కూలుకి ఈ ఏడాదే హెడ్‌మిస్ట్రెస్‌గా వచ్చాను. మా లెక్కల సార్ చాలా బాగా చెప్తారు. పదో తరగతి రిజల్ట్ అంతా ఆయన మీదే నడుస్తోంది. సాయంత్రం స్పెషల్ క్లాసు అయ్యాక డౌట్లు చెప్తానని ఒక అమ్మాయిని మాత్రం ఇంకో అరగంట ఉంచుతున్నారు. రాత్రి పదింటికి కూడా ఆ అమ్మాయికి వాట్సాప్‌లో మెసేజ్‌లు పెడుతున్నారని, పుట్టినరోజుకి వాచీ కొనిచ్చారని ఒక టీచర్ నా చెవిన వేసింది. అమ్మాయి ఏమీ చెప్పలేదు. తల్లిదండ్రులకి సార్ అంటే దేవుడితో సమానం. కరస్పాండెంట్ గారేమో "ఫిర్యాదు లేకుండా కదిలించుకోవద్దు" అంటున్నారు. రూల్స్ పెడదామంటే స్టాఫ్ అంతా "మమ్మల్ని అనుమానిస్తున్నారా" అంటారేమోనని టెన్షన్. ఏం చెయ్యాలి?

జవాబు:

మేడమ్, నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో టీచర్‌గా, తర్వాత హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు పిల్లల భద్రత మీద టీచర్లకి శిక్షణ తరగతులు చెప్తుంటాను. మీరు రాసినలాంటి కథ పేర్లు మార్చి ప్రతి జిల్లాలోనూ వింటాను. అందుకని ముందు రేపే చెయ్యాల్సిన పని చెప్పి, రూల్స్ సంగతికి తర్వాత వస్తాను.

రేపు సాయంత్రం నుంచి ఆ అరగంట ఆపేయండి. డౌట్ల క్లాసు ఉండాలంటే కనీసం ఐదారుగురు పిల్లలతో, కింది అంతస్తులో, తలుపులు తెరిచి ఉన్న గదిలో, ఇంకో టీచర్ బడిలో ఉండగానే జరగాలి. దీనికి విచారణ అక్కర్లేదు, ఫిర్యాదూ అక్కర్లేదు. టైమ్‌టేబుల్ మార్చే అధికారం హెడ్‌మిస్ట్రెస్‌గా మీకు ఎలాగూ ఉంది. ఆయన మంచివారా కాదా అని తేల్చే పని మీ మీద వేసుకోకండి. అది బయటినుంచి చూసి ఎవరూ తేల్చలేరు. మీరు అడగాల్సింది ఒక్కటే: ఆ అరగంటలో ఆ గదిలో ఏం జరుగుతోందో దారిన పోయే మనిషికి కనిపిస్తోందా? కనిపించకపోతే అది మీ బడి ఏర్పాటులో ఉన్న లోపం. సరిదిద్దాల్సింది మీరే.

ఫిర్యాదు వచ్చేదాకా ఆగడం ఎందుకు తప్పో కాస్త వివరంగా చెప్పాలి. పిల్లల్ని పాడుచేసేవాడు మొదటిరోజే చెయ్యి వెయ్యడు. ముందు ఇంట్లోవాళ్ల నమ్మకం సంపాదిస్తాడు. తర్వాత ఒక పిల్లని ఎంచుకుని "నువ్వు అందరిలాంటిదానివి కాదు" అనే భావన కలిగిస్తాడు. చిన్న కానుక ఇస్తాడు, "ఇంట్లో చెప్పకు" అని ఒక చిన్న రహస్యం పెడతాడు. పిల్ల ఆ రహస్యం దాచిందంటే వాడికి దారి దొరికినట్టే. భుజం మీద చెయ్యి, జడ మీద జోకు, అలా ఒక్కో గీత దాటుతూ ఎక్కడ అడ్డుచెప్తుందో చూస్తాడు. మచ్చిక చేసుకోవడమంటే ఇదే. ఇంతదూరం వచ్చాక పిల్ల నోరు విప్పడం చాలా కష్టం. వాచీ తీసుకున్నందుకు, మెసేజ్‌లకి జవాబిచ్చినందుకు తప్పంతా తనదే అనుకుంటుంది. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తారన్న భయం మన దగ్గర ఎలాగూ ఉంది. కాబట్టి ఫిర్యాదు రాకపోవడాన్ని బట్టి ఏమీ జరగలేదని తేల్చుకోవడానికి వీల్లేదు.

అదే సమయంలో ఇంకో నిజం కూడా ఉంది. నిజంగా పిల్లల మీద ప్రాణం పెట్టే టీచరు కూడా అచ్చం ఇలాగే ఆలస్యంగా ఉండి చెప్తాడు, పేద పిల్లకి ఏదో కొనిస్తాడు, రాత్రి కూడా డౌట్ తీరుస్తాడు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే మనిషిని కొలవడం మానేసి పద్ధతిని సరిచెయ్యమంటున్నాను. పద్ధతి మారితే మంచి టీచరుకి పోయేదేమీ లేదు. ఐదుగురు పిల్లల మధ్య కూడా లెక్కలు చెప్పొచ్చు.

సార్‌తో మీరే మాట్లాడండి, కానీ ఒంటరిగా వద్దు. సీనియర్ టీచర్ ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. "సార్, మీ మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. కానీ మూడు సంగతులు నా దృష్టికి వచ్చాయి. అమ్మాయి ఒక్కర్తినే ఉంచడం, రాత్రి మెసేజ్‌లు, వాచీ. ఇవి ఏ టీచర్ చేసినా నేను ఆపమనే చెప్తాను. రేపటి నుంచి ఆపండి." అంతే. ఆయన కారణాలు చెప్తే వినండి, వాదించకండి. మీకు చెప్పిన టీచర్ పేరు మాత్రం ఎంత అడిగినా బయటపెట్టకండి. ఆమె పేరు ఒక్కసారి బయటికొచ్చిందంటే ఇంకెవరూ మీకేదీ చెప్పరు. మాట్లాడింది అదే రోజు తేదీ వేసి రాసిపెట్టుకుని, ఆయనతో సంతకం చేయించుకోండి. సంతకం పెట్టనంటే "చదివి వినిపించాం, సంతకానికి నిరాకరించారు" అని రాసి పక్కనున్న సీనియర్ సంతకం తీసుకోండి.

అమ్మాయిని మాత్రం గదిలోకి పిలిచి "ఏం జరిగింది, నిజం చెప్పు" అని అడగొద్దు. ఆ పిల్ల బెదిరిపోతుంది, సార్‌కి చెప్తుంది, మీకు తెలియాల్సింది ఎప్పటికీ తెలియదు. ఆమెకి చనువున్న లేడీ టీచర్ ఎవరో చూసి, కొంచెం దగ్గరగా ఉండమనండి, ప్రశ్నలేమీ వెయ్యకుండా. తల్లిదండ్రులకి కూడా సార్ పేరు ఎత్తకుండా చెప్పొచ్చు: "ఇకమీదట స్కూలు నుంచి ఏ మెసేజ్ అయినా మీ నంబరుకే వస్తుంది. మీ అమ్మాయి ఫోనుకి స్టాఫ్ నుంచి విడిగా ఏదైనా వస్తుంటే నాకు చూపించండి." ఈ మాట పదో తరగతి తల్లిదండ్రులందరికీ చెప్తే ఎవరినీ వేలెత్తి చూపినట్టు ఉండదు.

ఇక పోలీసులదాకా ఎప్పుడు? అమ్మాయి ఏదైనా చెప్పినా, మెసేజ్‌లలో శరీరం గురించో ప్రేమ గురించో ఒక్క ముక్క కనిపించినా, ఎవరైనా కళ్లారా చూసినట్టు చెప్పినా ఆ రోజే. మర్నాటికి వాయిదా వద్దు. ఎటూ తేలని సందేహంలో ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి గానీ ఫోన్ చేసి పరిస్థితి చెప్పి సలహా అడగండి. అడిగినందుకు ఎవరూ తప్పుపట్టరు.

ఇప్పుడు రూల్స్ సంగతి. "మమ్మల్ని అనుమానిస్తున్నారా" అన్న మాట తప్పకుండా వస్తుంది, సిద్ధంగా ఉండండి. నేనైతే మీ ఫీజు కౌంటర్ చూపిస్తాను. అక్కడ ప్రతి రూపాయికీ రసీదు రాస్తాం, సాయంత్రం లెక్క సరిచూస్తాం. క్యాషియర్‌ని దొంగ అనుకుని కాదు, రేపు ఎవరైనా నింద వేస్తే ఆయన చేతిలో కాగితం ఉంటుందని. తలుపు తెరిచి ఉన్న గదిలో పాఠం చెప్పిన టీచరుకి కూడా అదే రక్ష. నా అనుభవంలో ఈ మాట మొదట అర్థం చేసుకునేది మగ టీచర్లే. తమ మీద లేనిపోనిది ఏమొస్తుందోనన్న భయం వాళ్లలో చాలామందికి లోపల ఉంటుంది, పైకి అనరు.

రూలు మొదట మీతోనే మొదలవ్వాలి. హెచ్‌ఎం గది తలుపుకి అద్దం పెట్టించండి, పిల్లలు లోపలుండగా గడియ పెట్టకండి. ఎవరినైనా మందలించాలంటే క్లర్క్‌కో, ఇంకో టీచర్‌కో కనిపించేలా మందలించండి. కరస్పాండెంట్ గారికీ, వారి బంధువులకీ ఇదే వర్తిస్తుందని స్టాఫ్ మీటింగులో చదివినప్పుడు గది గదంతా ఒక్కసారి మీ వైపు చూస్తుంది. ఫర్వాలేదు, చూడనివ్వండి. పెద్దవాళ్లకి మినహాయింపు ఉందని తెలిసిన రోజే ఆ కాగితానికి విలువ పోతుంది.

టీచర్లకి రాసి మిగతావాళ్లని వదిలేయడం కూడా మామూలుగా జరిగేదే. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక స్కూల్లో నాలుగేళ్ల పాప మీద అఘాయిత్యం చేసింది టీచరు కాదు, ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. పిల్లలతో అతనికి ఏ పనీ లేదు. కానీ బడి ఆవరణలో ఎక్కడికైనా వెళ్లగలడు, ఎవరూ ఆపరు. 2023లో కోర్టు అతనికి 20 ఏళ్ల శిక్ష వేసింది. అందుకే వాచ్‌మన్, ఆయా, వ్యాన్ డ్రైవరు, క్లీనరు, డాన్స్ మాస్టరు, కరాటే మాస్టరు, యూనిఫాం కొలతలకి వచ్చే టైలరు, ఫోటోలు తీసేవాడు, వీళ్లందరికీ రూలు ఒక్కటే. వాళ్లు ఏ గదులకి వెళ్లొచ్చు, ఏ వేళప్పుడు వెళ్లొచ్చు అనేది రాసి ఉండాలి.

బడిని ఒకసారి పిల్లల కళ్లతో చుట్టి రండి. సెలవు రోజున కాకుండా, బడి నడుస్తుండగానే తిరగండి. ల్యాబ్ కిటికీలకి పాత పేపర్లు అంటించి ఉంటాయి, ఎండ పడుతోందని. పీకించేయండి. స్పోర్ట్స్ సామాన్ల గది తాళం ఎవరి దగ్గరుంది? మెట్ల కింద పాత బెంచీలు పడేసిన చోటికి ఎవరు వెళ్తున్నారు? అమ్మాయిల బాత్రూములకి వెళ్లే దారిలో వాచ్‌మన్ కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడా? లోపల గడియలు పడుతున్నాయా? ఇంటర్వెల్‌లో స్టాఫ్ అంతా టీ కోసం స్టాఫ్ రూములో ఉంటే గ్రౌండులో పెద్దవాళ్లెవరు? ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల్ని బాత్రూముకి తీసుకెళ్లేది ఆయా ఒక్కతేనా, టీచర్‌కి కనిపించేలా తీసుకెళ్తోందా? యాన్యువల్ డే రోజు డ్రెస్సులు మార్చుకునే గది బయట ఎవరుంటారు? వీటిలో సగం సమస్యలు ఒక వడ్రంగి, ఒక ఎలక్ట్రీషియన్ రెండు రోజులు పనిచేస్తే తీరిపోతాయి.

ఫోన్ల మీద గట్టిగా ఉండండి. క్లాసు గ్రూపులో ఉండాల్సినవి తల్లిదండ్రుల నంబర్లు, అందులో మీరూ ఉండాలి. పిల్లలకి విడిగా మెసేజ్ పెట్టడం, ఇన్‌స్టాలో పిల్లల్ని ఫాలో అవ్వడం, వాళ్లతో రీల్స్ చేసి సొంత ఖాతాలో పెట్టుకోవడం ఇవేవీ వద్దు. ఫంక్షన్ ఫోటోలు స్కూలు ఫోనుతోనే తీయాలి. లేడీ టీచర్లు "మా పిల్లలే కదా మేడమ్" అని వాట్సాప్ స్టేటస్‌లో పిల్లల డాన్స్ వీడియోలు పెడుతుంటారు. అభిమానమే, కాదనను. కానీ ఆ వీడియో ఎక్కడెక్కడికి పోతుందో వాళ్లకి తెలియదు.

బైకు మీద దింపడం ఇంకోటి. "వాళ్ల ఊరు మా దారిలోనే" అంటారు. ఒక్క విద్యార్థిని బైకు మీదో కారులోనో ఎక్కించుకోకూడదు. తప్పనిసరైతే తల్లిదండ్రులకీ మీకూ ఫోన్ చేశాకే. జ్వరమొచ్చిన పిల్లని ఇంటికి పంపేటప్పుడు కూడా ఇదే. సార్ ఇంటికెళ్లి క్యారియర్ పట్టుకురమ్మనడం, టీ తెమ్మనడం, నోటు పుస్తకాలు దిద్దడానికి ఆదివారం ఇంటికి రమ్మనడం ఇవన్నీ తరతరాలుగా అలవాటైపోయి ఎవరికీ తప్పుగా అనిపించవు. ఒక్క పిల్ల ఒక పెద్దమనిషి ఇంటికి ఒంటరిగా వెళ్లడం అంటే ఏమిటో ఒకసారి ఆలోచించమనండి. ప్రైవేటు ట్యూషన్ సంగతికొస్తే, టీచర్లు ట్యూషన్లు చెప్పకూడదని విద్యాహక్కు చట్టం సెక్షన్ 28లోనే ఉంది. ఫీజు వసూలు సంగతి అటుంచండి, ఇంట్లో మూసిన గదిలో జరిగే ట్యూషన్ మీ చూపు అందని చోటు.

ఆటల పోటీలకి మండలం, జిల్లా స్థాయికి తీసుకెళ్లేటప్పుడు అమ్మాయిల జట్టుతో లేడీ టీచర్ వెళ్లాల్సిందే. పీఈటీ మేడమ్ లేరంటే తెలుగు మేడమైనా వెళ్లాలి. రాత్రి బస ఉంటే పెద్దవాళ్లు వేరే గదిలో. అబ్బాయిల జట్టుకీ ఇదే వర్తిస్తుంది. అబ్బాయిల విషయంలో మన పెద్దలు "మగపిల్లాడికేమవుతుంది" అని తేలిగ్గా తీసేస్తారు. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టానికి అమ్మాయి, అబ్బాయి తేడా లేదు, 18 ఏళ్లలోపు ఎవరైనా బాలలే. అబ్బాయి నోరు విప్పడం ఇంకా కష్టం, విప్పితే నవ్వుతారని. ఆటలో, యోగాలో ఒళ్లు సరిచెయ్యాల్సి వస్తే ముందు నోటితో చెప్పాలి. తప్పకపోతే "చెయ్యి పట్టుకుని చూపించనా?" అని అడిగి, అందరి ముందే చూపించాలి.

దెబ్బల గురించి క్లుప్తంగా చెప్తాను, చట్టం స్పష్టంగానే ఉంది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 శారీరక శిక్షనీ, మానసిక వేధింపునీ రెండింటినీ నిషేధించింది. గోడ కుర్చీ, గుంజీలు, ఎండలో మోకాళ్ల మీద కూర్చోబెట్టడం, ఫీజు కట్టలేదని వరండాలో నిలబెట్టడం, కులం ఎత్తి ఎగతాళి చెయ్యడం అన్నీ అందులోకే వస్తాయి. దీన్ని లైంగిక వేధింపులకి సంబంధం లేని విషయంగా చూడకండి. సార్ కొడతాడన్న భయమున్న క్లాసులో సార్ ఇంకేం చేసినా పిల్లలు నోరెత్తరు.

కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు మన ప్రైవేటు బడులన్నీ చేసే తప్పొకటుంది. జూన్‌లో టీచరు దొరికితే చాలు, సర్టిఫికెట్లు చూసి జీతం మాట్లాడేస్తారు. 2020 పోక్సో నిబంధనల ప్రకారం పిల్లలతో పనిచేసే ప్రతి ఒక్కరికీ, కాంట్రాక్టు మనుషులతో సహా, పోలీస్ వెరిఫికేషన్, పూర్వాపరాల పరిశీలన చేయించాలి, అదీ ఒకసారి చేసి వదిలేయకుండా ఎప్పటికప్పుడు. అయితే పోలీస్ రికార్డులో కేసు అయినవే ఉంటాయి. గొడవైన చోట సంతకం పెట్టించుకుని గుట్టుగా పంపించేస్తే ఆ మనిషి మర్నాడు పక్క మండలంలో చేరతాడు. అందుకని పాత స్కూలు హెచ్‌ఎంకి మీరే స్వయంగా ఫోన్ చేసి ఒక్క ప్రశ్న వెయ్యండి: "ఖాళీ ఉంటే ఆయన్ని మళ్లీ తీసుకుంటారా?" జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో గమనించండి. మీకు అలాంటి ఫోన్ వచ్చినప్పుడు మీరు కూడా నిజమే చెప్పండి.

స్టాఫ్‌లో ఒకరి గురించి ఒకరు మీకు చెప్పుకునే దారి కూడా ఉండాలి. ఇది చాడీలు కాదని మొదటే స్పష్టం చెయ్యండి. "ఫలానా సార్ తలుపు వేసుకుని ఉన్నారు", "ఫలానా మేడమ్ పిల్లాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుంటున్నారు" వంటి చిన్న సంగతులు చిన్నగా ఉండగానే మీ దగ్గరికి రావాలి. వాటికి మీరు కూడా చిన్నగానే స్పందించాలి: పిలిచి, చెప్పి, రాసి పెట్టుకోవడం. ప్రతిదానికీ మెమో ఇస్తే ఎవరూ చెప్పరు. అసలు పట్టించుకోకపోయినా చెప్పరు. తన గీత తనే దాటినట్టు అనిపించిన టీచరు కూడా వచ్చి చెప్పుకోగలగాలి: "మేడమ్, వానలో ఎవరూ లేక ఆ పిల్లని నేనే దింపాను" అని. అలా చెప్పిన మనిషిని నేను ఎక్కువ నమ్ముతాను. మీ చెవిన వేసిన ఆ టీచర్ ధైర్యం చేసింది. ఆమెని చులకనగా చూడనివ్వకండి.

ఇక అసలు కష్టమైన రోజు గురించి. ఏదో ఒక మధ్యాహ్నం ఒక పిల్ల మీ దగ్గరికో, మీ తెలుగు మేడమ్ దగ్గరికో వచ్చి "టీచర్, ఒకటి చెప్తాను, ఎవరికీ చెప్పకండి" అంటుంది. "సరే, చెప్పను" అని మాటివ్వకండి. "నీకు సాయం చెయ్యాలంటే ఒకరిద్దరికి చెప్పాల్సి రావొచ్చు. ఎవరికి చెప్తున్నానో నీకు చెప్పే చేస్తాను" అనండి. తర్వాత వినండి. "ఎక్కడ ముట్టుకున్నాడు? ఇలా చేశాడా, అలా చేశాడా?" అని మీరు మాటలు అందించకండి. "తర్వాతేమైంది?" చాలు. "నువ్వెందుకు వెళ్లావు? అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్నలు నోట్లోంచి రానివ్వకండి. "చెప్పి మంచిపని చేశావు, తప్పు నీది కాదు" అనండి. పిల్ల వెళ్లగానే ఆమె వాడిన మాటల్నే, ఎంత మోటుగా ఉన్నా, సంస్కరించకుండా రాసి తేదీ, టైము వేసి సంతకం చెయ్యండి. అదే కథ హెచ్‌ఎంకి ఒకసారి, కరస్పాండెంట్‌కి ఒకసారి, కమిటీకి ఒకసారి చెప్పించకండి. ఆరోపణ ఉన్న మనిషిని పిలిచి అడగొద్దు, పిల్లని ఆయన ఎదుట నిలబెట్టొద్దు.

అక్కడినుంచి మీ దారి పోలీస్ స్టేషనుకే. పోక్సో సెక్షన్ 19 ప్రకారం నేరం జరిగిందని తెలిసిన వారెవరైనా, జరగవచ్చన్న భయం ఉన్నవారైనా స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. నిజమో కాదో తేల్చాకే చెప్పాలని ఎక్కడా లేదు. సదుద్దేశంతో చెప్పినవారి మీద ఏ కేసూ నిలవదని కూడా అదే సెక్షన్ చెప్తుంది. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాడి నేరాన్ని చెప్పకపోతే ఏడాది దాకా జైలు, జరిమానా. మహారాష్ట్రలో ఒక బడి హాస్టల్‌లో బాలికల మీద జరిగిన నేరాన్ని డాక్టర్ చెప్పకుండా ఉన్న కేసులో 2022 నవంబరులో సుప్రీంకోర్టు, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని స్పష్టంగా చెప్పింది.

ఇక్కడ చాలా బడులు ఒక గందరగోళంలో పడతాయి. పనిచేసే చోట మహిళల మీద లైంగిక వేధింపులని అరికట్టే 2013 చట్టం కింద పెట్టిన అంతర్గత కమిటీ ముందుకి పిల్లల ఫిర్యాదు తీసుకొచ్చి, వారాలపాటు వాంగ్మూలాలు తీసుకుంటారు. ఆ కమిటీ పోలీసులకి బదులు కాదు. పిల్లల విషయంలో బడి చేసే విచారణ ఏదైనా పోలీసులకి చెప్పిన తర్వాతి మాటే.

పెద్దమనుషుల పంచాయితీ ఇంకా ప్రమాదం. సాయంత్రానికల్లా సర్పంచ్, పార్టీ నాయకుడు, టీచర్ బావమరిది అందరూ వచ్చి ఆఫీసు రూములో కూర్చుంటారు. "ఆడపిల్ల భవిష్యత్తు, స్కూలు పరువు" అని ఎంతోకొంత ఇప్పించి కాగితం రాయిస్తారు. 2022లో రాజస్థాన్‌లో అచ్చం ఇలాంటిదే జరిగింది. టీచర్ మీద కేసు, తండ్రితో రాజీ పత్రం, దాన్ని చూసి హైకోర్టు కేసు కొట్టేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుని రద్దు చేసింది. బడిలో టీచర్ చేసిన ఇలాంటి నేరం ఇద్దరు మనుషుల మధ్య వ్యవహారం కాదని, రాజీతో కేసు పోదని తేల్చింది. మీ ఆఫీసు రూములో ఆ పంచాయితీ కూర్చోనివ్వకండి. కూర్చుంటే మీరు కూడా అందులో భాగస్వాములే.

తల్లిదండ్రులకి పోలీసులంటే భయం ఉంటుంది. వాళ్లకి ఈ సంగతులు చెప్పండి. పిల్ల వాంగ్మూలం ఇంట్లోనో, పిల్లకి ఇష్టమైన చోటో తీసుకుంటారు. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వస్తారు. తల్లో, తండ్రో, పిల్ల నమ్మినవారో పక్కనే ఉండొచ్చు. రాత్రిపూట పిల్లని స్టేషన్లో ఉంచకూడదు. 24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ సమితికీ, ప్రత్యేక కోర్టుకీ సమాచారం పంపాలి. సమితి తరఫున సాయానికి ఒక మనిషిని కూడా ఇవ్వవచ్చు. తెలంగాణలో భరోసా కేంద్రాలు, రెండు రాష్ట్రాల్లోనూ సఖి కేంద్రాలు ఉన్నాయి. అక్కడ కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సాయం దొరుకుతాయి.

బడిలో ఆ తర్వాత జరిగేది నాకు ఎక్కువ కోపం తెప్పిస్తుంది. ఆ పిల్లకి టీసీ ఇచ్చి పంపించేస్తారు, "వాతావరణం మారితే మంచిది" అని. మారాల్సింది ఆరోపణ ఉన్న మనిషి. కేసు తేలేదాకా అతను పిల్లల దరిదాపుల్లో ఉండకూడదు, ఆఫీసు పని పేరుతో కూడా. పిల్ల పేరు, ఫోటో, ఊరు, బడి, ఆమెని గుర్తుపట్టే ఏ వివరమూ మీడియాలో రాకూడదని పోక్సో సెక్షన్ 23 ఉంది. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో కూడా ఒక్క మాట ఉండకూడదు. క్లాసులో తోటివాళ్లు గుసగుసలాడకుండా క్లాస్ టీచరు చూసుకోవాలి. వెనకబడిన పాఠాలు చెప్పించండి, పరీక్షలు రాయించండి.

చివరగా కరస్పాండెంట్ గారు. ఆయనతో నీతి మాట్లాడకండి, పోక్సో సెక్షన్ 21 తెలుగులో ప్రింట్ తీసి టేబుల్ మీద పెట్టండి. సంస్థ బాధ్యుడంటే ఆయనే, మీరూ ఆ కోవలోకే వస్తారు. లెక్కల సార్‌తో మాట్లాడిన కాగితం, స్టాఫ్ మీటింగు మినిట్స్, సాయంత్రం క్లాసుల కొత్త టైమ్‌టేబుల్ ఇవన్నీ ఆయనకి ఒక కవరింగ్ లెటర్‌తో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. "వద్దు, ఆపండి" అంటే ఆ మాట కూడా రాతపూర్వకంగా ఇమ్మనండి. నేను చూసినంతవరకు ఆ మాట కాగితం మీద పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. ఆయన ఏమన్నారో, లెక్కల సార్ ఎలా తీసుకున్నారో వీలైతే మళ్లీ రాయండి. ఈలోగా అమ్మాయి ఏదైనా చెప్తే నాకు రాయడానికి ఆగకండి, అత్యవసర నంబరు 112కో, 1098కో ముందు ఫోన్ చెయ్యండి.